మామ్మని అప్పుడే మానిపించకు

అమ్మాయీ,

బాబును జూన్‌లో ప్లే స్కూల్లో వేస్తున్నామని, ఏడుస్తాడేమోనని టెన్షన్‌గా ఉందని అన్నావు. ఏడుస్తాడు. నా సర్వీసంతా అంగన్‌వాడీలోనే గడిచింది కదా, మొదటి వారం ఏడవని పిల్లలు తక్కువే. నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. "బాబుని చూసుకునే మామ్మని మే నెలాఖరుకి పనిలోంచి మానిపించేస్తాం" అన్నావే, అది.

నువ్వు ఆఫీసుకి వెళ్లడం మొదలెట్టిన దగ్గర్నుంచి పగలంతా వాడికి అన్నం పెట్టింది, పడుకోబెట్టింది ఆవిడే. కొత్త మొహాలు చూసి బెంబేలెత్తి ఇంటికొచ్చేసరికి ఆవిడా లేకపోతే ఎలా? కనీసం జూలై దాకా ఉంచు. మొదట్లో ఆవిడే తీసుకెళ్లి, గంటసేపు స్కూలు వరండాలో కూర్చుని, వెంటబెట్టుకుని వచ్చేయాలి. తర్వాత కాసేపు కనబడకుండా ఉండాలి. రోజంతా ఉంచడం ఆ తర్వాతి మాట. వెళ్లేటప్పుడు మాత్రం చెప్పి వెళ్లమను. బొమ్మ చూపించి వెనకనుంచి జారుకుంటే మర్నాటి నుంచి కొంగు వదలడు. "నాలుగింటికి వస్తా" అంటే వాడికేం తెలుస్తుంది? "నువ్వు అన్నం తిన్నాక వస్తా" అనాలి, వచ్చి తీరాలి.

అసలు పేచీ నిద్ర దగ్గరే. మామ్మ చీర ఉయ్యాల్లో వేసి ఊపితేగాని వాడు కన్ను మూయడు. అక్కడ చాప మీద పడుకోబెడతారు. ఇప్పటినుంచే మధ్యాహ్నం చాప వేసి, పక్కన కూర్చుని జోకొట్టమను. ఆవిడ పాత చీర ముక్కొకటి సంచిలో పెట్టు, మాసినా ఉతక్కు. పాస్ వస్తే మీవాడు నోటితో చెప్పడు, ఓ మూలకెళ్లి బిగుసుకుని నిలబడతాడు. ఇలాంటివన్నీ టీచరుకి మామ్మ చేతే చెప్పించు, నీకన్నా ఆవిడకే బాగా తెలుసు. బొత్తాల నిక్కర్లు వద్దు, ఎలాస్టిక్‌వి కొను.

స్కూలు కాలవ గట్టు మీద ఉందన్నావు. వేసవిలో చూసి వచ్చావు కాబట్టి నీళ్లు కనబడి ఉండవు. జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాక నిండుగా పారుతుంది. గేటు గడియ పిల్లలకి అందుతుందా, ఇంటికి పంపే వేళ గేటు దగ్గర ఎవరుంటారు, ఫీజు కన్నా ముందు ఇవి అడుగు. ఏబీసీడీలు ఎప్పుడు మొదలెడతారని మాత్రం అడక్కు. 2020 జాతీయ విద్యా విధానమే ఒకటో తరగతికి ఆరేళ్లు అంటోంది, మనకేం తొందర?

అలవాటు పడ్డాడనుకునేలోపు దసరా సెలవులొస్తాయి, మళ్లీ మొదటికొస్తాడు. కంగారుపడకు. అప్పటికి మామ్మ మానేసినా ఆదివారాలు వచ్చి చూసిపోతుండమను.

గంటలు తగ్గాయని ఆ రెండు నెలలూ ఆవిడ జీతం కోయొద్దు. వేరే ఇల్లు చూసిపెట్టే పని నాకొదిలెయ్, మా వీధిలోనే ఒకళ్లు అడుగుతున్నారు.

మీ దొడ్డమ్మ