ఓడ కబుర్లు: లైఫ్‌బోటంటే భయమేస్తోంది

ప్రశ్న: మా అబ్బాయి డెక్ క్యాడెట్‌గా (ట్రైనీ ఆఫీసరుగా) సరుకుల ఓడ ఎక్కి రెండు నెలలైంది. మొన్న వీడియో కాల్‌లో, ఓడ వెనకాల ఏటవాలుగా ఉన్న నారింజ రంగు పడవ చూపించి, "ఇందులో కూర్చోబెట్టి పైనుంచి సముద్రంలోకి వదిలేస్తారమ్మా" అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. అది ప్రాణం కాపాడేదా, తీసేదా? - ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఆఖరి మాటకి నవ్వబోయి ఆగిపోయాను. నా నౌకరీలో లైఫ్‌బోటు ఎక్కి బతికినవాణ్ణి చూడలేదు గానీ, లైఫ్‌బోటు డ్రిల్లులో ఎముక విరిగినవాణ్ణి చూశాను.

మీవాడు చూపించింది ఫ్రీఫాల్ బోటు. వైర్లతో మెల్లగా దించే పని లేదు. లోపల్నుంచే హుక్ విప్పితే జారి నీళ్లలో పడుతుంది, దానంతటదే ఓడకి దూరంగా వెళ్తుంది. అందరూ వెనక్కి తిరిగి కూర్చుని, తల సీటుకి ఆనించి, బెల్టులు బిగించుకోవాలి. మెడ తిప్పి తొంగిచూస్తే మాత్రం మెడ పట్టేస్తుంది. నేను మొదటిసారి పడ్డప్పుడు పొద్దున తిన్న ఉప్మా గొంతు దాకా వచ్చింది, అంతే.

నాకు భయం పక్కన వేలాడే పాతరకం బోటంటేనే. ముందొకటి, వెనకొకటి హుక్‌లుంటాయి. అలల్లో బోటు ఎగిరి పడుతున్నా విడిపించుకోవాలి కాబట్టి, బోటు బరువు హుక్‌ల మీదుండగా కూడా తెరుచుకునేలా చేశారు. చిక్కంతా అక్కడే. బోటుని మళ్లీ పైకెత్తేటప్పుడు హుక్ పూర్తిగా పడకపోయినా, అంటే లాక్ కాకపోయినా, చూడ్డానికి పడినట్టే ఉంటుంది. నేను థర్డ్ మేట్‌గా (జూనియర్ ఆఫీసరుగా) ఉన్న ఓడలో సరిగ్గా అదే జరిగింది. డ్రిల్లు అయిపోయింది, టీ తాగుదాం అనుకుంటుండగా వెనక హుక్ ఊడి బోటు ముక్కు మీద వేలాడింది. లోపలున్న ఫిట్టరుకి భుజం ఎముక విరిగింది. బెల్టు పెట్టుకున్నాడు గనక అంతటితో పోయింది. ఇలాంటివి ప్రపంచమంతా జరిగాకే 2011లో హుక్‌ల నిబంధన మార్చారు. 2013 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. డ్రిల్లప్పుడు హుక్ ఊడినా బోటు పడిపోకుండా అడ్డంగా పిన్నో, బెల్టో వేస్తున్నారు. బోటుని దించే వైర్లు అయిదేళ్లకి మించి వాడకూడదు.

సీట్ల గురించి బెంగ వద్దు. 1912లో టైటానిక్‌లో దాదాపు 2,200 మంది ఉంటే 20 బోట్లలో 1,178 మందికే చోటుంది. ఇప్పుడు మీవాడి ఓడలాంటి వాటిలో ఉన్నవాళ్లందరికీ ఆ ఒక్క బోటే సరిపోవాలి. అది కాక గాలితో ఉబ్బే తెప్పలు రెండు పక్కలా ఉంటాయి. బోటులో మనిషికి మూడు లీటర్ల నీళ్లు, బిస్కట్లు, ఇంజనుకి 24 గంటల డీజిలు.

అయినా ఓడ నీళ్ల మీద నిలిచి ఉన్నంతసేపూ దాన్ని వదలడం తెలివితక్కువ. 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ ఓడ 'మా' మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకి కొట్టుకొచ్చింది కదా, చూడ్డానికి ఊరంతా కదిలింది. ఓడ ఒడ్డున చిక్కుకుపోయింది గానీ అందులోవాళ్లంతా క్షేమం. ఆ రాత్రి అలల్లో చిన్న బోటు దించి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోలేను. కెప్టెన్ నోట మాట వచ్చేదాకా ఎవరూ బోటు ఎక్కకూడదు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మీవాణ్ణి, "హుక్ పూర్తిగా పడిందో లేదో నువ్వే కళ్లతో చూశావా?" అని అడగండి. అమ్మకి ఇదెలా తెలుసని నోరు వెళ్లబెడతాడు. ఇంకో మాట: ఆ మూసిన బోటులో ఊపుకి ఎంత అనుభవమున్నవాడికైనా వాంతులే. మాత్రలు బోటులోనే ఉంటాయి, కూర్చోగానే వేసుకోమనండి.