కాల్షియం నార్మల్ అని వచ్చింది.. మరి ఎముక ఎందుకు విరిగింది?

ప్రశ్న: నా వయసు 56. నెలసరి ఆగి ఆరేళ్లయింది. ఈమధ్య బాత్‌రూమ్‌లో కాలుజారి చేతి మీద పడితే మణికట్టు విరిగింది. కట్టు తీసేశారు. నడుము నొప్పి కూడా ఉంది. రక్త పరీక్షలో కాల్షియం 9.4 వచ్చింది, నార్మలే అన్నారు. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే కాల్షియం మాత్ర వేసుకుంటున్నాను. కిడ్నీలో రాళ్లొస్తాయి, మానేయమని మా ఆడపడుచు అంటోంది. ఏటా కొండకు నడిచి వెళ్లే అలవాటు. ఈసారి వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు దెబ్బతింటాయి. అందుకే తిండిలో తక్కువైనా శరీరం రక్తంలో తగ్గనివ్వదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదిలి, ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తానికి అందిస్తాయి. అలా రిపోర్టు బాగానే ఉంటుంది, లోపల ఎముక గుల్లబారుతుంటుంది.

ఎముక బలం 30 ఏళ్ల వరకే పెరుగుతుంది. ఆ తర్వాత మెల్లగా తరుగుతుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ పడిపోవడంతో ఎముకను కరిగించే కణాలకు అడ్డు ఉండదు. మొదటి ఐదారేళ్లలో నష్టం చాలా వేగంగా జరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ పేగులు కాల్షియాన్ని తీసుకోవడం, చర్మం విటమిన్ డి తయారుచేయడం కూడా తగ్గుతాయి.

నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రానే మణికట్టు విరగడాన్ని ఈ వయసులో నేను మామూలు దెబ్బగా తీసుకోను. తుంటికీ, నడుముకూ ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. అందులో వచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. స్కోరు కాస్త మెరుగ్గా వచ్చినా, ఒకసారి విరిగింది కాబట్టి మందు అవసరం కావచ్చు. వెన్నుకు ఎక్స్‌రే కూడా తీయించండి, వెన్నుపూస కుంగినా చాలామందికి ఉత్త నడుము నొప్పే అనిపిస్తుంది. రక్తంలో విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూడాలి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా ఎముక తరుగుతుంది. మీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గానీ మీకు వీలైన మరోచోట గానీ ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) డాక్టరుకు చూపించుకోండి. ఎముకలు గుల్లబారాయని తేలితే కాల్షియం ఒక్కటే చాలదు. వారానికోసారి మాత్రలు, ఏడాదికోసారి ఇంజెక్షన్ లాంటి మందులున్నాయి.

ఆ రెండు మాత్రలూ కలిపి వేసుకోవడం ఈ రోజే ఆపండి. కలిపితే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. అది పరగడుపున, కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకోండి. ఒకసారికి 500 మిల్లీగ్రాములు మించొద్దు. మీ వయసుకు రోజుకు కావాల్సింది 1200 మిల్లీగ్రాములు, అందులో ఎక్కువ భాగం తిండి నుంచే రావాలి. తిండిలోని కాల్షియంతో రాళ్ల భయం అక్కర్లేదు, నిజానికి అది రాళ్లను తగ్గిస్తుంది. ఇదివరకు రాళ్లొచ్చి ఉంటే మాత్రం మాత్రల సంగతి డాక్టరుతో చెప్పండి.

మన చిత్తూరు సంగటి వదలకండి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. గ్లాసు పాలల్లో ఇంచుమించు 240 వస్తుంది. నువ్వులు, మునగాకు, ఉలవలు కూడా మంచివే. పప్పో, గుడ్డో రోజూ ఉండాలి, ప్రోటీన్ లేకుండా ఎముక నిలవదు. పొద్దుటి లేత ఎండ చాలనుకోవడం అపోహ: ఆరింటి ఎండతో విటమిన్ డి పెద్దగా తయారవదు. పది దాటాక చేతులకు, ముఖానికి పావుగంట తగలనివ్వండి. వారం వారం వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి మాత్రం పరీక్ష చేయించకుండా నెలల తరబడి వాడకండి.

ఇక కొండ. ఎక్స్‌రే వచ్చేదాకా ఆగండి, అలిపిరి నుంచి 3,550 మెట్లున్నాయి. వెన్నుపూస కుంగి ఉంటే ఈసారి బస్సులో వెళ్లండి. అంతా బాగుండి డాక్టరు సరేనంటే నడవండి, ఒంటి బరువు మోస్తూ నడవడం ఎముకకు మంచిదే. సంచి మీరు మోయకండి, మోకాళ్ల పర్వతం దగ్గర పక్కన ఎవరైనా ఉండాలి. దిగేటప్పుడు జారిపడే ప్రమాదం ఎక్కువ, బస్సులోనే కిందికి రండి.