ఐడియాలు రావడం లేదా, నిలవడం లేదా?

ప్రశ్న: ప్రొడక్ట్ డిజైన్ రెండో ఏడాది చదువుతున్నాను. బొమ్మలు బాగా వేస్తాను, సాఫ్ట్‌వేర్లు వచ్చు. కానీ అసైన్‌మెంట్ ఇవ్వగానే బుర్ర ఖాళీ అయిపోతోంది. తోటివాళ్లకు ఇట్టే తడుతున్నాయి. నాకు నడుస్తున్నప్పుడో, స్నానం చేస్తున్నప్పుడో ఏదో మెరుస్తుంది, రాసుకునేలోపు పోతుంది. ఫోన్లో 400 నోట్స్ ఉన్నాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. నాలో సృజనాత్మకత లేదనుకోవాలా? కోర్సు మారిపోమంటారా? – ఓ విద్యార్థిని

జవాబు: కోర్సు సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ 400 నోట్స్ గురించి మాట్లాడాలి. ఏమీ తట్టనివాళ్ల ఫోన్లో అన్ని పోగుపడవు. అంటే మీకు ఐడియాలు వస్తున్నాయి. కానీ నాలుగు రోజులాగి తీసి చూస్తే పనికొచ్చే రూపంలో అవి నిలవడం లేదు.

ఇది పెద్ద పెద్దవాళ్లకే జరిగింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన ఓటో లోయీకి 1920 ప్రాంతంలో ఓ అర్ధరాత్రి మెలకువ వచ్చింది. నరాలు గుండెకు సంకేతాన్ని రసాయనం ద్వారా పంపుతాయా అన్నది తేల్చే ప్రయోగం తట్టింది. చిన్న కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారాక చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మూడింటికి అదే ఆలోచన మళ్లీ రావడం ఆయన అదృష్టం. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్లి రెండు కప్ప గుండెలతో పని మొదలుపెట్టాడు. 1936లో నోబెల్ బహుమతిని పంచుకున్నది ఈ పరిశోధనకే. ఇందులో చాలామంది వదిలేసే ముక్క ఇంకోటుంది. ఆ ఊహ ఆయనకు కొత్తది కాదు. 1903లోనే ఓ మిత్రుడితో చర్చించి, నిరూపించే దారి కనిపించక పక్కన పెట్టాడు. ఆ ఆలోచన వచ్చింది ఖాళీ బుర్రకు కాదు, ఏళ్ల తరబడి ఒక ప్రశ్నను మోసిన బుర్రకు.

మీకు అసైన్‌మెంట్ ఇచ్చిన గంటలో ఏమీ తట్టకపోవడం కూడా అందుకే. ఇంకా లోపల ఏమీ వేయలేదు కదా. ఇంగ్లండ్‌కు చెందిన సామాజిక మనస్తత్వవేత్త గ్రాహం వాలస్ 1926లోనే సృజనను నాలుగు దశలుగా చెప్పాడు: సిద్ధపడటం, మాగనివ్వడం, మెరుపు, సరిచూసుకోవడం. అందరూ మూడోదాని కోసం ఎదురుచూస్తారు. మీ చేతిలో ఉన్నది మొదటిది. బ్రీఫ్, అంటే ఏం డిజైన్ చేయాలో చెప్పే కాగితం, అందిన రోజే 40 నిమిషాలు కూర్చోండి. దాన్ని మీ మాటల్లో రెండు వాక్యాల్లో తిరగరాయండి. ఆ వస్తువును ఎవరు, ఏ చేత్తో, ఎలాంటి హడావుడిలో వాడతారో రాయండి. వీలైతే ఇద్దరు వాడుతుండగా పక్కన నిలబడి చూడండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ రెండో చెయ్యి వేశారు, ఎక్కడ విసుక్కున్నారు అన్నదే రాసుకోవాలి. ఆ రోజు పరిష్కారాల జోలికి వెళ్లొద్దు. కాగితం మూసేసి, బుర్రకు పెద్దగా పని పెట్టని పనేదైనా చేసుకోండి.

నడక దీనికి బాగా పనికొస్తుంది. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమంటే కూర్చున్నవాళ్లకంటే నడుస్తున్నవాళ్లు ఎక్కువ చెప్పారు. గదిలో ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం అదే. కాబట్టి చెట్లూ చేమలూ లేవని మానుకోవక్కర్లేదు. అయితే ఒకే సరైన జవాబుండే చిక్కుప్రశ్నలకు నడక సాయపడలేదు. కొలతలు, లెక్కలు బల్ల దగ్గరే చూసుకోండి. చెవుల్లో పాడ్‌కాస్ట్ పెట్టుకుని నడిస్తే మాత్రం ఆ సమయం కూడా వేరేవాళ్ల ఆలోచనలకే పోతుంది.

ఇప్పుడొక అనుమానం. అసైన్‌మెంట్ రాగానే మీరు మొదట చేసే పని రిఫరెన్స్ బొమ్మలు వెతకడమేనా? డిజైన్ విద్యార్థుల్లో చాలామంది చేసేది అదే, దెబ్బతినేదీ అక్కడే. జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, ఒలకని కాఫీ కప్పు డిజైన్ చేయమని అడిగారు. స్ట్రా వద్దు, నోటితో పీల్చే మూతి వద్దు అని షరతు కూడా పెట్టారు. కొందరికి ఆ రెండూ ఉన్న నమూనా బొమ్మ ఒకటి చూపించారు. వద్దని చెప్పినా, నమూనా చూసినవాళ్ల డిజైన్లలో అవే ఎక్కువగా వచ్చి చేరాయి. కంటికి ముందు పడిన బొమ్మ చేతిని అలా పట్టుకుంటుంది. అందుకని ముందు 20 చిన్న స్కెచ్‌లు వేయండి. అగ్గిపెట్టె సైజు చాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. తర్వాతే రిఫరెన్స్. మొదటి ఐదారు అందరికీ తట్టేవే వస్తాయి, బాధపడకండి, అవి బయటికి పోవాలి. తొమ్మిదో పదో దగ్గర ‘ఇక లేదు’ అనిపిస్తుంది. పెన్సిల్ అక్కడ దించొద్దు. ఐడియాల వరసలో వెనక వచ్చేవే సాధారణంగా కొత్తగా ఉంటాయని 1950ల నుంచీ పరిశోధనల్లో కనిపిస్తూనే ఉంది.

తోటివాళ్లకు ‘ఇట్టే తట్టడం’ కూడా చాలావరకు గ్రూపు చర్చల్లో కనిపించే దృశ్యమే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలో తమది మరిచిపోతారు. విడివిడిగా ఆలోచించి తర్వాత కలిపితేనే ఎక్కువ ఐడియాలు వస్తాయని 1987లో డీల్, స్ట్రోబ్ అనే పరిశోధకుల ప్రయోగాలు చూపించాయి. గట్టిగా మాట్లాడేవాళ్లకు ఈ సంగతి పెద్దగా నచ్చదు. మీ గ్రూపులో మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాసుకుందామని అడిగి చూడండి.

ఇక నోట్స్. మీ ఫోన్లో ఇలాంటివి ఎన్నో ఉండే ఉంటాయి: ‘గొడుగు – నీళ్లు!!’ రాసిన రోజు ఆ ఆశ్చర్యార్థకాల వెనక బొమ్మంతా కనిపించింది. పది రోజులకు ఆశ్చర్యార్థకాలే మిగిలాయి. అదే నోట్ ఇలా ఉంటే?

‘తడిసిన గొడుగు మూసి బస్సెక్కితే నీళ్లన్నీ పక్క సీటు వాళ్ల కాళ్ల మీదకి కారుతున్నాయి. వాళ్లు ఏమీ అనకుండా కాళ్లు వెనక్కి లాక్కున్నారు. తడివైపు లోపలికి పోయేలా తిరగేసి మూస్తే? అలాంటివి ఉన్నాయేమో చూడాలి. ఉంటే, లోపల నిలిచిన నీళ్లు ఎక్కడ పారబోస్తారు?’

నిమిషంలో రాసేయొచ్చు. ఇందులో కళ్లతో చూసింది ఉంది, ఎవరికి ఇబ్బందో ఉంది, ఒక ఊహ ఉంది, తేల్చుకోవాల్సిన ప్రశ్న ఉంది. తిరగేసి మూసే గొడుగులు ఇప్పటికే ఉన్నాయి. అయినా నోట్ చచ్చిపోలేదు, చివరి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మీ గురించి ఏమీ తెలియనివాళ్లు చదివినా పని మొదలుపెట్టగలగాలి. నోట్ రాసేటప్పుడు కొలత అదొక్కటే, ఎందుకంటే పది రోజుల తర్వాత మీరూ ఆ తెలియనివాళ్లే.

రాసుకునేలోపు పోవడానికి కారణం చాలాసార్లు ఫోనే. నోట్ కోసం తెరుస్తారు, ముందు మెసేజ్ కనిపిస్తుంది, అంతే. చిన్న పాకెట్ పుస్తకం, పొట్టి పెన్సిల్ దగ్గరుంచుకోండి. ఫోనే కావాలంటే నోట్స్ యాప్‌ను లాక్ స్క్రీన్ నుంచే తెరుచుకునేలా పెట్టుకోండి. స్నానం చేస్తుండగా తడితే మూడు మాటలకు కుదించి పైకి నాలుగైదుసార్లు అనుకోండి, తుడుచుకోగానే ఇంకే పనీ ముట్టుకోకుండా రాయండి. మంచం పక్కన కాగితం పెట్టుకుంటే పెద్ద అక్షరాలతో, పూర్తి వాక్యంగా రాయండి, లోయీ గుర్తున్నాడుగా. వాయిస్ రికార్డు చేస్తే ఆ రోజే అక్షరాల్లో పెట్టండి, లేకపోతే ఎవరూ వినరు. ఫొటో తీస్తే దాని కింద ఎందుకు తీశారో ఒక వాక్యం ఉండాలి. అన్నిటికంటే ముందు, చోటు ఒక్కటే ఉండాలి. మూడు యాప్‌లు, రెండు పుస్తకాలు పెట్టుకుంటే ఏది ఎక్కడుందో వెతకడంతోనే సరిపోతుంది.

వారానికోసారి అరగంట పెట్టుకుని ఆ వారం రాసినవన్నీ చదవండి. చప్పగా ఉన్నవి కొట్టేయండి. ఊపున్న రెండింటిని విడిగా ఓ పేజీలోకి చేత్తో తిరగరాసి, పక్కన ఒక స్కెచ్ వేయండి. మిగతావి అలా ఉండనివ్వండి. ఈ అరగంట లేకుండా ఎంత బాగా రాసినా అది పాత సామాన్ల గదే.

పాత 400ని ఫోల్డర్లుగా, రంగురంగుల ట్యాగులుగా సర్దే పని పెట్టుకోకండి. అది హాయిగా ఉంటుంది, పని చేస్తున్నట్టే ఉంటుంది, ఏమీ జరగదు. ఒక గంట కూర్చుని వరసగా చదవండి. పది సెకన్లలో అర్థం కానిదాన్ని తీసేయండి. అర్థమైనవాటిని గొడుగు నోట్‌లా పూర్తి చేయండి.

కోర్సు సంగతికొస్తే, ఇప్పుడే నిర్ణయించకండి. వచ్చే రెండు అసైన్‌మెంట్లు ఈ పద్ధతిలో చేయండి. స్కెచ్‌ల మీద తేదీలు వేసి దాచండి. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లు చివరి రెండరింగ్ (వస్తువు అచ్చంగా ఎలా ఉంటుందో చూపే బొమ్మ) కంటే దానికి ముందు వదిలేసినవి ఏంటి, ఎందుకు వదిలేశారు అని అడుగుతారు. ఆ జవాబు ఈ కాగితాల్లోనే ఉంటుంది. రెండు అసైన్‌మెంట్ల తర్వాత మీరు చూసుకోవాల్సింది ఎన్ని ఐడియాలు వచ్చాయన్నది కాదు. మోడల్ మూడోసారి విరిగితే నాలుగోది చేయాలనిపించిందా? మనుషులు వస్తువులతో పడే పాట్లు గమనించడం మీకు ఆసక్తిగా ఉందా? ఉంటే ఈ కోర్సులోనే ఉండండి. అవి భారంగా ఉండి, వేరేవాళ్లు తేల్చిన రూపాన్ని చక్కగా గీయడమే ఇష్టమనిపిస్తే, అప్పుడూ రంగం మారక్కర్లేదు. త్రీడీ మోడలింగ్, ప్రొడక్ట్ విజువలైజేషన్, టెక్నికల్ ఇలస్ట్రేషన్ పనుల్లో మీ చెయ్యే పెట్టుబడి. రెండూ కాదనిపిస్తేనే మార్పు గురించి మీ అధ్యాపకులతో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఫైనల్ షీట్ ఒక్కటే కాకుండా ఆ 20 చిన్న స్కెచ్‌ల పేజీ కూడా పట్టుకెళ్లి, వీటిలో ఏది ముందుకు తీసుకెళ్లొచ్చని అడగండి.