ప్రింటర్ క్యూ ప్రశ్న దగ్గర ఆగిపోయిన ఇంటర్వ్యూ

ప్రశ్న: మాది హిందూపురం. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, ఆరు నెలలుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ డెస్క్‌టాప్ సపోర్ట్ (ఆఫీసు కంప్యూటర్ల సమస్యలు సరిచేసే) ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాడు. మొన్న ఒక ఇంటర్వ్యూలో, ప్రింటర్ క్యూలో (ముద్రణ కోసం వేచి ఉండే వరుసలో) ఇరుక్కున్న ప్రింట్ జాబ్‌లను కమాండ్ లైన్ నుంచి, అంటే ఆదేశాలు టైపు చేసి, ఎలా రద్దు చేస్తావని అడిగితే, మౌస్‌తో చేయడమే తెలుసన్నాడట. అక్కడితో పంపించేశారు. ఇప్పుడు 60,000 రూపాయలు కట్టి క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా వాడుకునే సర్వర్ల) కోర్సులో చేరతానంటున్నాడు. ప్రింటర్ల పనికి భవిష్యత్తు ఉందా? డబ్బు కట్టమంటారా?

జవాబు: ముందుగా డబ్బు సంగతి చెబుతాను. ఒక నెల ఆగండి. ఆ ఇంటర్వ్యూలో అడిగినది అర్థంలేని ప్రశ్న కాదు. దానికి జవాబు రాని స్థితిలోనే మీ అబ్బాయి క్లౌడ్ కోర్సులో చేరితే, అక్కడ కూడా పునాది లేని గోడ మీదే ఇటుకలు పేర్చవలసి వస్తుంది. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో మీకు కూడా తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనం ప్రింట్ ఇచ్చిన పత్రం నేరుగా ప్రింటర్‌కు వెళ్లదు. కంప్యూటర్‌లో స్పూలర్ అనే సర్వీసు దానిని ముందు డిస్కు మీద ఫైలుగా దాచుకుని, వరుసలో పెట్టి, ఒక్కొక్కటిగా ప్రింటర్‌కు అందిస్తుంది. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో ముందున్న బస్సు ఆగితే వెనకవన్నీ నిలిచిపోయినట్టు, మొదటి జాబ్ ఇరుక్కుంటే దాని వెనక పంపినవన్నీ ఆగిపోతాయి. అప్పుడు తెరమీది కిటికీలో దానిని తొలగించబోతే, ‘తొలగిస్తున్నాము’ అన్న సూచన కనిపిస్తూ గంటసేపైనా కదలకపోవచ్చు. పైగా సపోర్ట్ ఉద్యోగి చాలాసార్లు ప్రింటర్ పక్కన ఉండడు. వైట్‌ఫీల్డ్‌లో కూర్చుని వేరే ఊళ్లోని సర్వర్‌లోకి, అంటే అందరికీ కలిపి పనిచేసే కంప్యూటర్‌లోకి, లాగిన్ అవుతాడు, ఆ సర్వర్‌కు కొన్నిసార్లు మౌస్‌తో నొక్కే బొమ్మల తెర ఉండనే ఉండదు. అందుకే కమాండ్ లైన్ గురించి అడుగుతారు.

విండోస్‌లో అందరూ మొదట నేర్చుకునే పద్ధతి, అడ్మిన్ (యంత్ర నిర్వాహకుడి) హక్కులతో, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్ స్టాప్ స్పూలర్’ అని సర్వీసును ఆపడం, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో స్పూల్ కింద ఉండే ప్రింటర్స్ ఫోల్డర్‌ను ఖాళీ చేయడం, తర్వాత ‘నెట్ స్టార్ట్ స్పూలర్’ అని మళ్లీ నడిపించడం. ఆ ఫోల్డర్‌లో ఒక్కో జాబ్‌కు సాధారణంగా రెండు ఫైళ్లు ఉంటాయి: ఎస్‌పీఎల్ అన్నదానిలో ముద్రించవలసిన సమాచారం, ఎస్‌హెచ్‌డీ అన్నదానిలో ఆ జాబ్ ఎవరిది, ఏ ప్రింటర్‌కు వెళ్లాలి అన్న వివరాలు. ఈ పద్ధతి పనిచేస్తుంది, కానీ అది ఆ యంత్రం మీద ఉన్న అన్ని ప్రింటర్ల జాబ్‌లనూ తుడిచేస్తుంది. ఆ యంత్రం ప్రింట్ సర్వర్ (అందరి ప్రింట్‌లూ దాని ద్వారానే వెళ్లే కంప్యూటర్) అయితే ఆఫీసు మొత్తానికీ ముద్రణ ఆగుతుంది. అందువల్ల నా దృష్టిలో ఇది చివరి మందు. ముందు చేయవలసింది, విండోస్‌లోనే ఉండే మరో కమాండ్ లైన్ అయిన పవర్‌షెల్‌లో ‘గెట్-ప్రింట్‌జాబ్’ కమాండ్‌తో ఆ ప్రింటర్‌లోని జాబ్‌ల జాబితా చూసి, ఇరుక్కున్నదాని సంఖ్యను ‘రిమూవ్-ప్రింట్‌జాబ్’ కమాండ్‌కు ఇచ్చి ఆ ఒక్కదాన్నే తొలగించడం.

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థలైన లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఈ పనిని కప్స్ అనే వ్యవస్థ చూస్తుంది. మైకేల్ స్వీట్ దీనిని 1999లో విడుదల చేశాడు. ఆపిల్ సంస్థ 2002లో తన మ్యాక్ వ్యవస్థలోకి తీసుకుని, 2007లో దాని సోర్స్ కోడ్‌నే కొనుగోలు చేసింది. ఇక్కడ ‘ఎల్‌పీస్టాట్’ కమాండ్‌కు హైఫన్ ఓ జోడిస్తే క్యూలో ఉన్న జాబ్‌లు కనిపిస్తాయి. ఒక్కో జాబ్ పేరు ప్రింటర్ పేరూ సంఖ్యా కలిసి, ‘అకౌంట్స్-57’ వంటి రూపంలో ఉంటుంది. ‘క్యాన్సిల్’ అని రాసి ఆ పేరు ఇస్తే ఆ జాబ్ పోతుంది. ‘ఎల్‌పీక్యూ’తో చూసి, ‘ఎల్‌పీఆర్‌ఎమ్’కు సంఖ్య ఇచ్చి తొలగించడం మరో దారి. ఒకే పనికి రెండు జతల కమాండ్‌లు ఎందుకంటే, మొదటి జత సిస్టమ్ ఫైవ్ నుంచి, రెండోది బర్క్‌లీ నుంచి వచ్చాయి; ఈ రెండూ యూనిక్స్ అనే పాత వ్యవస్థలో రెండు శాఖలు. కప్స్ రెండింటినీ నిలబెట్టింది. ఈ చిన్న చరిత్ర తెలిసిన అభ్యర్థి రెండు జతలనూ కలగాపులగం చేసుకోడు.

అయితే కమాండ్‌లు అప్పజెప్పించుకోవడానికే ఆ ప్రశ్న వేశారని నేను అనుకోను. తొలగించే ముందు ఈ కుర్రవాడు ఏమి చూస్తాడు అన్నది వారికి కావాలి. ‘క్యాన్సిల్’కు హైఫన్ ఏ జోడిస్తే, సరైన హక్కులున్నవారి చేతిలో, క్యూలోని జాబ్‌లన్నీ ఒక్కసారిగా పోతాయి. నేను చూసిన ఒక కార్యాలయంలో నెలాఖరు సాయంత్రం ఎవరి అనుమతీ అడగకుండా ఒక కొత్త ఉద్యోగి ఇలాగే క్యూ మొత్తం ఖాళీ చేస్తే, వరుసలో ఉన్న జీతాల పత్రాలన్నీ పోయి, అకౌంట్స్ విభాగంవారు రాత్రి వరకూ కూర్చుని మళ్లీ పంపవలసి వచ్చింది. ఆ అబ్బాయికి కమాండ్ బాగానే వచ్చు. జాబ్ ఎవరిదో చూడాలన్న అలవాటే లేకపోయింది. సాధారణ వాడుకరి తన జాబ్‌ను మాత్రమే రద్దు చేయగలగడం, ఇతరులవి తొలగించాలంటే అడ్మిన్ హక్కులు కావలసి రావడం అందుకోసమే.

రద్దు చేసిన తర్వాతి పని కూడా అంతే ముఖ్యం. క్యూ ఖాళీ అయినా రెండు మూడు కాగితాలు బయటికి రావచ్చు, ఎందుకంటే అంతకుముందే ప్రింటర్ సొంత మెమరీలోకి చేరిన పేజీల మీద క్యూకు పట్టు ఉండదు. వాటిని ప్రింటర్ మీదనే ఆపాలి. దీనికి తలకిందులుగా, క్యూను వదిలేసి ప్రింటర్‌ను మాత్రం ఆపి వెలిగిస్తే అదే జాబ్ మళ్లీ మొదలవుతుంది. కప్స్‌లో ఒక పొరపాటు తర్వాత క్యూయే నిలిచిపోయి ఉండవచ్చు. అప్పుడు జాబ్‌ను తొలగించినా కొత్తవి కదలవు, ‘ఎల్‌పీస్టాట్’కు హైఫన్ పీ జోడించి స్థితి చూసి, ‘కప్స్‌ఎనేబుల్’తో దాన్ని తిరిగి నడిపించాలి. కాగితం ఇరుక్కుందా, నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ను గుర్తించే ఐపీ చిరునామా మారిందా, కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య పనిచేసే డ్రైవర్ ప్రోగ్రామ్ సరిపోలేదా అన్నది తేల్చకపోతే సాయంత్రానికి మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది.

ఇక భవిష్యత్తు గురించి. కేవలం టోనర్ మార్చే పనిగా చూస్తే నేను కూడా ఈ దారిలో వెళ్లమని చెప్పను. కానీ ఒక సర్వీసును ఆపి నడపడం, ఎవరికి ఏ హక్కు ఉందో చూడడం, లాగ్ (యంత్రం రాసుకునే చిట్టా) చదివి కారణం వెతకడం — సిస్టమ్ అడ్మిన్ చేసేది ఇదే, క్లౌడ్‌లో లినక్స్ సర్వర్లను చూసేవారు చేసేదీ ఇదే. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అన్న పేరుతో విండోస్ స్పూలర్‌లో భద్రతా లోపం బయటపడినప్పుడు, దాని ద్వారా బయటివారు కంప్యూటర్‌పై పూర్తి అధికారం పొందే ప్రమాదం ఉండడంతో మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా సవరణ విడుదల చేసింది. ముద్రణ అవసరం లేని సర్వర్లలో స్పూలర్‌నే ఆపివేయమని నిపుణులు సూచించారు. ఆ రోజుల్లో స్పూలర్ అంటే ఏమిటో తెలిసినవారి మాట ఆఫీసుల్లో ఎంత చెల్లిందో ఊహించుకోండి.

ఈ నెలలో అతను చేయవలసిన సాధనకు ప్రింటర్ కూడా అక్కర్లేదు. ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసుకుని, అందులో ఉబుంటు అనే లినక్స్ పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేకపోతే బెంగళూరులో కంప్యూటర్ల దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో పాతది చూడండి, అక్కడే నడిపించి చూసి కొనండి. అందులో ఒక ఉత్తుత్తి ప్రింటర్ క్యూ సృష్టించి, ‘కప్స్‌డిజేబుల్’తో దాన్ని కావాలనే నిలిపి, ‘ఎల్‌పీ’ కమాండ్‌తో పది ఫైళ్లు పంపి, వాటిలో మూడోదాన్ని మాత్రం తొలగించడం, ఇంకొక వాడుకరి పేరుతో లాగిన్ అయి మొదటివాడి జాబ్ రద్దుకాకపోవడం చూడడం, చివరకు క్యూను తిరిగి నడిపించడం — ఇవన్నీ చేతితో చేసి, ఏమి టైపు చేశాడో, ఏమి కనిపించిందో నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఇది ఇష్టంగా సాగితే, తర్వాత లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ వారి సిస్టమ్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏకు సిద్ధం కావచ్చు. ఆ పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, యంత్రం మీద పనిచేసి చూపించాలి. క్లౌడ్ కోర్సు ఆ తర్వాత ఆలోచించవచ్చు.

నెల గడిచాక ఒక ఆదివారం అతను హిందూపురం వచ్చినప్పుడు, ఇరుక్కున్న జాబ్‌ను ఎలా తీశాడో మీకు తెలుగులో చెప్పమనండి. మీకు కంప్యూటర్ తెలియకపోవడమే ఇక్కడ మంచిది, ఎందుకంటే రేపు అతనికి ఫోన్ చేసే ఉద్యోగులలో ఎక్కువమందికి కూడా తెలియదు. ఎవరి జాబ్, ఎందుకు ఆగింది, మిగతావారివి పోకుండా ఏమి చేశాడు — ఈ మూడూ మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, మళ్లీ ఇంటర్వ్యూలకు పంపండి.