టెక్ సందేహాలు: పిస్టల్ సంగతి సరే, దాన్ని దాచే పెట్టె మాటేంటి?

గాడ్జెట్ల శీర్షికలో తుపాకుల గొడవేంటని కొందరు విసుక్కోవచ్చు. కానీ అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. అడిగే తీరు చూస్తే తుపాకీని కూడా ఫోన్ కొన్నట్టే కొంటున్నారని అర్థమవుతోంది. అందుకే ఈసారి ఇవే తీసుకున్నాను.

*డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. మా కాలనీలో రెండిళ్లలో దొంగలు పడి బంగారం పట్టుకెళ్లారు. మొదటిసారి పిస్టల్ కొందామనుకుంటున్నాను. నాలుగు కంపెనీల మోడళ్లను పోలుస్తూ ఎక్సెల్ షీట్ పంపుతున్నాను, ఏది బెస్టో చెప్పండి. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ ఆర్డర్ పెట్టేశాను.*

షీట్ చూశాను. బ్యారెల్ పొడవు, బరువు, మ్యాగజైన్‌లో పట్టే తూటాలు, రెడ్ డాట్ (గురి చూసుకోవడానికి ఎర్రచుక్క చూపే అద్దం) బిగించే వీలు, ధర... ఓపిగ్గానే చేశారు. కానీ మీరు రాసిన నాలుగూ ఒకే తాను ముక్కలు. 1980ల మొదట్లో, అంతకుముందెప్పుడూ తుపాకీ తయారు చేయని ఒక ఆస్ట్రియా ఇంజినీరు ప్లాస్టిక్ ఫ్రేముతో, బయట సుత్తి ఉండకుండా లోపలి సూదే తూటాను కొట్టే ‘స్ట్రైకర్’ రకం పిస్టల్‌ను తమ దేశ సైన్యం కోసం చేశాడు. 1982లో సైన్యం దాన్ని తీసుకుంది. మొదట్లో ‘ప్లాస్టిక్ తుపాకీ’ అని వెక్కిరించిన కంపెనీలన్నీ తర్వాత అదే దారి పట్టాయి. ఇవాళ ఆ ధరలో దొరికే 9 ఎంఎం పిస్టళ్లలో కంపెనీని బట్టి వచ్చే తేడా మీరనుకున్నంత లేదు.

ఉన్న తేడా మీ షీట్‌లో ఇమడదు. పిడి పట్టుకున్నప్పుడు, పట్టు సడలించకుండా చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా హాయిగా అందుతోందా? స్లైడ్‌ను (వెనక్కీ ముందుకీ జరిగే పైభాగాన్ని) మీరూ, మీ ఆవిడా ఇబ్బంది పడకుండా వెనక్కి లాగగలుగుతున్నారా? బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట కావాలా, వద్దా? ఇవి తేలాలంటే అద్దెకిచ్చే షూటింగ్ రేంజ్‌కు వెళ్లి నాలుగూ పేల్చి చూడాల్సిందే. ఒక్కటి మాత్రం ముందే చెబుతాను: జేబులో పట్టే బుల్లి పిస్టల్ ముద్దుగా ఉందని తీసుకోకండి. పిస్టల్ ఎంత చిన్నదైతే చేతిని అంత గట్టిగా తంతుంది. కొత్తవాళ్లకు గురి కుదరదు, పైగా బెదురు పట్టుకుంటుంది. ఇంట్లో ఉంచుకోవడానికైతే కొంచెం పెద్దదే నయం. షీట్‌లో శిక్షణకు ఒక్క కాలమ్ కూడా లేదు, అది కలపండి.

తుపాకీ గురించి ఇంతే. నన్ను ఇంత రాయడానికి కూర్చోబెట్టింది మీ ఉత్తరంలో చివరి వాక్యం. ‘సేఫ్ ఆర్డర్ పెట్టేశాను’ అన్నారు. పిస్టల్‌కు అన్ని కాలమ్‌లు, సేఫ్‌కు ఒక్కటీ లేదు!

2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఇలాంటి వేలిముద్ర సేఫ్‌లను దాదాపు 61 వేలు రీకాల్ చేయించింది. అలాంటి సేఫ్ నుంచి బయటికి వచ్చిన తుపాకీతో పన్నెండేళ్ల పిల్లాడు చనిపోయాడని దావా పడింది. వేలిముద్ర నమోదు కాని వాళ్లకు కూడా తెరుచుకుందని మరో 39 ఫిర్యాదులు అందాయి. ఎవరో హ్యాకర్ పని కాదిది. పెట్టె డిజైనే అలా ఉంది. కొత్త సేఫ్‌లో వేలిముద్ర నమోదు చేసేదాకా అది ‘ఎవరి వేలైనా సరే’ అనే మోడ్‌లో ఉంటుంది. డబ్బా విప్పిన నాన్న మాన్యువల్ పక్కన పడేసి వేలు పెడతాడు. బీప్ అంటుంది, తలుపు తెరుచుకుంటుంది. నా వేలు గుర్తుపట్టిందనుకుని ధీమాగా తుపాకీ లోపల పెట్టేస్తాడు. నిజానికి ఆ పెట్టె ఎవరినీ గుర్తుపట్టలేదు. అవతలి గదిలో ఉన్న పిల్లాడు వేలు పెట్టినా అలాగే బీప్ అంటుంది.

తాళం అన్నాక మొదట మూసి ఉండాలి, యజమాని వచ్చి తెరిచే ఏర్పాటు చేసుకోవాలి. ఇంత చిన్న విషయం ఆ ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) రాసినవాడికి తట్టలేదా? తట్టే ఉంటుంది. డబ్బా విప్పగానే పని చేయకపోతే కస్టమర్ వెనక్కి పంపేస్తాడు, స్టార్లు తగ్గుతాయి. తెరిచే పెడితే ఆ బాధ లేదు.

మీ సేఫ్ రాగానే ఖాళీగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయండి. మీ కుడి చూపుడు వేలు నమోదు చేసి, మూసేసి, మిగతా తొమ్మిది వేళ్లూ ఒక్కొక్కటే పెట్టి చూడండి. తర్వాత మీ ఆవిడ వేళ్లు, మీ అబ్బాయి వేళ్లు. ఒక్కదానికి తెరుచుకున్నా వాపసు పంపేయండి. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇదే తంతు. నన్నడిగితే వేలిముద్ర, బ్లూటూత్, యాప్ ఏవీ లేని, నంబరు బటన్లు నొక్కి తెరిచే మెకానికల్ తాళం ఉన్న సేఫ్ తీసుకోండి. బ్లూటూత్ సేఫ్‌ల భాగోతం 2017లోనే బయటపడింది. ఒక పేరున్న మోడల్‌లో ఫోన్ పంపే పిన్ ఎన్‌క్రిప్షన్ లేకుండా గాల్లో వెళ్తోందని, అసలు ఆ పిన్ సరైనదో కాదో సేఫ్ చూసుకోవడమే లేదని పరిశోధకులు తేల్చారు. 2023లో ఇంకొక పెద్ద సేఫ్ కంపెనీ వారెంట్ చూసి ఒక కస్టమర్ సేఫ్ కోడ్‌ను ఎఫ్‌బీఐకి ఇచ్చింది. తమ తాళాల కోడ్‌లు ఫ్యాక్టరీ దగ్గర కూడా ఉంటాయని చాలామంది కొన్నవాళ్లకు అప్పుడే తెలిసింది. ఇంకోటి, టెక్సాస్ చట్టం ప్రకారం 17 ఏళ్లలోపు పిల్లలకు పేలే స్థితిలో ఉన్న తుపాకీ అందేలా వదిలేయడం నేరం. ‘సేఫ్ కొన్నానండీ’ అంటే కోర్టు వింటుందని భరోసా పెట్టుకోకండి.

దీన్ని మించిన విడ్డూరం ఒకటుంది. పెట్టె బాగోలేకపోతే రీకాల్ చేయించే అదే కమిషన్‌కు, లోపలున్న తుపాకీ బాగోలేకపోతే ఏమీ చేసే అధికారం లేదు. 1972లో దాన్ని ఏర్పాటు చేసిన చట్టమే తుపాకులను దాని పరిధి నుంచి తప్పించింది. హెయిర్ డ్రయర్‌ను వెనక్కి పిలిపించగలరు, పిస్టల్‌ను పిలిపించలేరు. 2017లో బాగా అమ్ముడవుతున్న ఒక పిస్టల్, కొన్ని కోణాల్లో కిందపడితే దానంతటదే పేలుతోందని పరీక్షల్లో బయటపడితే, కంపెనీ దాన్ని రీకాల్ అనలేదు. ‘స్వచ్ఛంద అప్‌గ్రేడ్’ అంది. ఫోన్ల కంపెనీల దగ్గర నేర్చుకున్న భాషే ఇది. లోపం వాళ్లది, దిద్దుకుంటే మనకు ‘కొత్త ఫీచర్’, దిద్దుకోకపోతే మన నిర్లక్ష్యం. కాబట్టి ఏ కంపెనీది కొన్నా సీరియల్ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ అప్‌గ్రేడ్ అయిందో లేదో అడిగి మరీ కొనండి.

*యజమాని చేతిలోనే పేలే ‘స్మార్ట్ గన్’ కొంటే సేఫ్ అవసరం ఉండదు కదా? (న్యూజెర్సీ)*

ఉంటుంది. చేతికి పెట్టుకున్న వాచీ దగ్గరుంటేనే పేలుతుందని ఊరించిన ఒక జర్మన్ పిస్టల్‌ను 2017లో లాస్ వేగాస్ హ్యాకర్ల సదస్సులో ఒకాయన 15 డాలర్ల అయస్కాంతాలతో పేల్చగలిగేలా చేసి చూపించాడు. రేడియో, ఎన్‌క్రిప్షన్ దేనితోనూ ఆయనకు పని పడలేదు. వేలిముద్ర గానీ ముఖం గానీ గుర్తుపట్టి పనిచేసే కొత్త రకాన్ని 2023లో ప్రకటించారు, అప్పటి ధర దాదాపు 1,500 డాలర్లు. ఆలోచన మంచిదే. కానీ ఏ గాడ్జెట్ అయినా మొదటి తరం కొన్నవాడు డబ్బిచ్చి మరీ టెస్టింగ్ చేసిపెడుతున్నట్టే. అది ఇయర్‌ఫోన్ అయితే పర్వాలేదు.

*ఎఫ్-1 మీద చదువుకుంటున్నాను. వీకెండ్ ఫ్రెండ్స్‌తో రేంజ్‌కు వెళ్లి గన్ అద్దెకు తీసుకుని షూట్ చేశాం. ఆ వీడియో ఎడిట్ చేయడానికి మంచి యాప్ చెప్పండి.*

యాప్ చెప్పను. వీడియో ఎక్కడా పెట్టకండి, పెట్టి ఉంటే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. అద్దె తుపాకీ గంటసేపు చేతిలో ఉన్నా అదే లెక్క. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని కొద్దిపాటి సందర్భాల్లో మాత్రమే మినహాయింపు. కౌంటర్ దగ్గర కుర్రాడు డ్రైవింగ్ లైసెన్సు చూసి ఇచ్చేశాడంటారు. అతనికేం, వీసా మీది.

*సెలవులకు హైదరాబాద్ వస్తున్నాం. ల్యాప్‌టాప్ బ్యాగులో పెద్ద పవర్ బ్యాంక్ తేవచ్చా? అన్నట్టు, మీ పాత జవాబు చదివి నేను కూడా పిస్టల్ కొన్నాను, రేంజ్‌కు రెగ్యులర్‌గా వెళ్తున్నాను.*

పవర్ బ్యాంక్ తర్వాత. రేంజ్‌కు తీసుకెళ్లేది కూడా ఆ బ్యాగేనా? అయితే అది ఇంట్లోనే వదిలేసి వేరేది తెచ్చుకోండి. అడుగున అరలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు చిక్కితే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టుతో పోలీస్ స్టేషన్, ఆపైన లాయర్లు. విమానాశ్రయాల్లో ఇలా దొరికిపోయిన వాళ్ల వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. మీరు కొన్నది 9 ఎంఎం అయితే, అది ఇక్కడ మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వని నిషిద్ధ బోరు (తూటా సైజు) అని కూడా గుర్తుంచుకోండి. వేరే బ్యాగు లేకపోతే జిప్పులన్నీ తీసి, బోర్లించి, లోపలి గుడ్డ కుట్ల వెంట వేళ్లతో తడిమి చూడండి. ఇక పవర్ బ్యాంక్ అంటారా, 100 వాట్ అవర్ల లోపుదైతే కేబిన్ బ్యాగులో తెచ్చుకోండి, చెకిన్ లగేజీలో వద్దు.