పదో తరగతి ముందు చిన్న బడికి మార్చొచ్చా?

మేడం, నమస్తే. మాది హనుమకొండ, నయీంనగర్ వైపు. మా బాబు ఎనిమిదో తరగతి అయిపోవస్తోంది. చదివేది పెద్ద పేరున్న స్కూల్, సెక్షన్‌కు 50 మంది. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు దిగుతాడు, చాలా ఆదివారాలు కూడా ఏదో ఒక టెస్ట్ ఉంటుంది. రెండేళ్ల కిందటి దాకా పాడైన ఫ్యాన్లు, టార్చిలైట్లు విప్పుకుంటూ కూర్చునేవాడు. ఇప్పుడు ఏదీ ముట్టడు, సోమవారం పొద్దున కడుపునొప్పి అంటాడు. హసన్‌పర్తి దాటాక ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. తొమ్మిది, పది కలిపి 20 మందికి మించరు. ర్యాంకులు పెట్టరట, వడ్రంగి పని, తోటపని నేర్పిస్తారట. ఒకసారి తీసుకెళ్లి చూపిస్తే బాబు అక్కడికే పోతానంటున్నాడు. మా వారేమో "పది ముందర బడి మార్చుడేంది, ఫౌండేషన్ క్లాసులు పోతయి, రేపు ఇంటర్‌లో నిలబడతడా" అంటున్నారు. చుట్టాలు కూడా అదే మాట. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చూసి నిర్ణయించుకోవాలి?
– ఒక తల్లి, హనుమకొండ

చెల్లెమ్మా, బడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ కడుపునొప్పి సంగతి చూడండి. పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. శరీరంలో ఏమీ లేదని తేలితే అప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల నాన్న లేనప్పుడు, మీరూ తొందరలో లేనప్పుడు, బడిలో ఏం జరుగుతోందో అడగండి. ఎందుకంటే పిల్లలు "ఆ బడి వద్దు" అన్నప్పుడు దాని వెనక చాలా సంగతులు ఉంటాయి. లెక్కలు ఎక్కడో ఆరో తరగతిలోనే తెగిపోయి, అప్పటినుంచి ఏమీ అర్థం కాక కూర్చుంటూ ఉండొచ్చు, ఎవరైనా కొడుతూనో ఏడిపిస్తూనో ఉండొచ్చు, లేదా నిద్ర చాలక అలిసిపోయి ఉండొచ్చు. మొదటిదైతే బడి మార్చినా ఆ లెక్కలు వెంటే వస్తాయి, అక్కడ ఎవరో ఒకరు ఆరో తరగతి దగ్గరికి వెనక్కి వెళ్లి నేర్పాలి. రెండోదైతే ఆలస్యం చేయకండి. కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. బాబు నోరు విప్పకపోతే, మీకే ఏం చేయాలో తోచకపోతే, మానసిక ఇబ్బందులకు సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ చిన్న బడి. నేను పరకాల వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 30 ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను, పెద్ద బడులనుంచి వచ్చిన పిల్లలనూ చూశాను, చిన్న బడులనుంచి వచ్చిన వాళ్లనూ చూశాను. చిన్న బడి అన్నంత మాత్రాన మంచిదైపోదు. మీరు తేల్చుకోవలసింది ఒక్కటే, ఆ బడి మీ బాబును పదో తరగతి పరీక్ష దాకా చేర్చి, చేతిలో సర్టిఫికెట్ పెట్టగలదా లేదా. ప్రేమగా చూసుకునే సార్లు, చెట్ల కింద క్లాసులు అన్నీ ఉండి ఇది లేకపోతే మీ పిల్లవాడే ఇబ్బంది పడతాడు.

ఒక సంగతి చెబుతాను. ఒక ఏడాది పదో తరగతి పరీక్ష ఫీజులు కట్టించుకుంటున్న రోజుల్లో ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మా స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు. ఆ అమ్మాయి చదివేది ఒక చిన్న ప్రైవేటు బడిలో, బాగా చదువుతుంది, అక్కడ సంతోషంగానే ఉంది. తీరా చూస్తే ఆ బడికి గుర్తింపు ఉన్నది ఏడో తరగతి వరకే. ఎనిమిది నుంచి పది దాకా పిల్లల పేర్లు వేరే హైస్కూల్ రికార్డుల్లో రాయించి, అక్కడినుంచి పరీక్ష రాయిస్తామని చెప్పారట. ఆ రెండు మేనేజ్‌మెంట్లకు మధ్యలో మాట తేడా వచ్చింది, ఈ పిల్ల పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆ తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఎలాగో పరీక్ష రాయించుకున్నాడు గానీ, ఆ రెండు నెలలూ ఆ పిల్ల పుస్తకం పట్టలేదు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి మీరు వెళ్లి మొహమాటం లేకుండా అడగండి, "మా బాబు పదో తరగతి ఏ బడి పేరు మీద రాస్తాడు?" హైస్కూల్ స్థాయికి గుర్తింపు వేరుగా తీసుకోవాలి, ఏడు వరకు ఉన్నది పదికి పనికిరాదు. ఆ ఆర్డర్ కాపీ చూపించమనండి, ఏ తేదీ వరకు ఉందో చూడండి. ప్రతి బడికీ సర్కారు రికార్డుల్లో యూడైస్ కోడ్ అని 11 అంకెల నంబర్ ఉంటుంది, మన తెలంగాణ బడులవి 36తో మొదలవుతాయి. ఆ నంబర్ అడిగి తీసుకుని యూడైస్ వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడొచ్చు, అందులో ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా ఉందో కనిపిస్తుంది. అనుమానం ఉంటే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లి అడగండి, అడిగితే తప్పేమీ లేదు.

కొన్ని ప్రత్యామ్నాయ బడులు కావాలనే గుర్తింపు తీసుకోకుండా పిల్లలతో ఓపెన్ స్కూల్‌లో పది రాయిస్తాయి. జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది, 14 ఏళ్లు నిండాలి, ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరొచ్చు. నా దృష్టిలో అది తక్కువ దారేమీ కాదు, సబ్జెక్టులు ఎంచుకునే వీలు ఉంటుంది కాబట్టి కొందరు పిల్లలకు అదే మేలు. కానీ ఆ మాట చేర్చుకునే రోజే చెప్పాలి, పదో తరగతి మధ్యలో చెబితే అది మోసమే.

మార్చాలని తేల్చుకుంటే పాత బడిలో బాకీ ఏమన్నా ఉంటే ముందే తేల్చుకుని టీసీ తీసుకోండి. యూడైస్‌లో పాత బడి వాళ్లు బాబు పేరు వదిలితేనే కొత్త బడి వాళ్లు ఎక్కించుకోగలరు, ఇది జరిగిందో లేదో జూన్‌లోనే కనుక్కోండి. ఆధార్‌లో, టీసీలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. పది మెమోలో తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎన్ని తిప్పలో నాకు తెలుసు.

కాగితాలు సరిగా ఉన్నాయనుకుందాం. అప్పుడు మనుషుల్ని చూడండి. చిన్న బడి అంతా ఇద్దరు ముగ్గురి మీద నడుస్తుంది. లెక్కల సార్ ఎవరు, ఎన్నేళ్లనుంచి ఉన్నారు, పోయిన ఏడాది ఎవరు చెప్పారు, ఆయన ఎందుకు మానేశారు అని అడగండి. ఫిజిక్స్, బయాలజీ, సోషల్ మూడూ ఒక్కరే చెబుతుంటే తొమ్మిదిలో గడుస్తుంది గానీ పదిలో కష్టం. నడిపే వాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూసుకుంటారు? స్థలం సొంతమా, కిరాయా? ఇవి అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే, కానీ బడిని నిజంగా ప్రేమతో నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోరు. గత మూడేళ్లలో పది రాసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారో చెప్పమనండి, వీలైతే ఒకరిద్దరు తల్లిదండ్రులతో మీరే మాట్లాడండి. మధ్యలో బడి మానేసిన పిల్లవాడి ఇంటికి కూడా వెళ్లగలిగితే ఇంకా మంచిది, అసలు సంగతులు అక్కడే తెలుస్తాయి.

ఓపెన్ డే రోజు వెళ్లకండి, మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లి ఒక పూట కూర్చోండి. పిల్లలు సార్‌ను ప్రశ్నలు అడుగుతున్నారా, తెలియని వాడు తెలియదని చెప్పగలుగుతున్నాడా, అన్నం ఎవరెవరు కలిసి తింటున్నారు, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా మాట్లాడుతున్నారా, ఇవి చూడండి. నోట్‌బుక్ ఒకటి అడిగి తీసి చూడండి. తోటపని, వడ్రంగి పని నాకు చాలా ఇష్టం, కొలతలు, భిన్నాలు, కోణాలు చెక్క మీద నేర్చుకున్న పిల్లవాడు మర్చిపోడు. కానీ ఆ కొలత మళ్లీ లెక్కల క్లాసుకు వస్తోందా? రాకపోతే అది ఒట్టి కాలక్షేపం. వారంలో నాలుగు రోజులు రాతపని జరగాల్సిందే, ఎందుకంటే పది బోర్డు పరీక్ష ఆరు సబ్జెక్టుల్లో చేతితో రాసేదే. ర్యాంకులు పెట్టకపోవడం మంచిదే, అసలు పరీక్షలే పెట్టమంటే మాత్రం పదిలో మూడు గంటలు కూర్చుని రాయడం వాడికి ఎవరు అలవాటు చేస్తారో అడగండి.

మీ వారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆయన చూస్తున్నది ఇంటర్. మన నయీంనగర్‌లో రోజూ వేల మంది ఇంటర్ పిల్లల్ని చూస్తూ, తన కొడుకు వెనకబడతాడేమోనని ఏ తండ్రికైనా ఉంటుంది. ఆయనతో ఇలా మాట్లాడి చూడండి. పది తర్వాత ఉన్నది ఎంపీసీ, బైపీసీ మాత్రమే కాదు. చేతులతో పని చేయడం ఇష్టమున్న పిల్లవాడికి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరడం మంచి దారి, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. వీటిలో దేనికీ తొమ్మిదో తరగతిలో ఐఐటి ఫౌండేషన్ అక్కర్లేదు, పది సిలబస్ గట్టిగా వస్తే చాలు. టార్చిలైట్లు విప్పే పిల్లవాడు అవి ముట్టడం మానేశాడని మీరు రాశారు చూడండి, నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే భయం వేసిన మాట అదే. ఫౌండేషన్ క్లాసులు పోతాయని బాధపడుతున్న మీ వారికి ఆ మాట ఒకసారి నెమ్మదిగా గుర్తు చేయండి.

ఇంకొకటి, చిన్న బడే కావాలనుకుంటే దగ్గరలోని జిల్లా పరిషత్ హైస్కూల్ కూడా ఒకసారి వెళ్లి చూడండి. సర్కారు బడి అనగానే ముఖం తిప్పుకోకండి. తరగతికి 15, 20 మంది పిల్లలున్న హైస్కూళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి, పోటీ పరీక్ష రాసి వచ్చిన సబ్జెక్టు టీచర్లు ఉంటారు, గుర్తింపు టెన్షన్ ఉండదు, ఫీజు ఉండదు, పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ తెలుగులో వస్తాయి. అన్నీ ఒకేలా ఉండవు, నాకు తెలుసు. అదే మంగళవారం పరీక్ష దానికీ పెట్టండి.

చివరికి ఈ వేసవి సెలవులకు ముందే ఒక వారం బాబును ఆ చిన్న బడికి పంపించగలరేమో అడగండి. చాలా చిన్న బడులు ఒప్పుకుంటాయి. ఆ వారం రోజూ సాయంత్రం వాడిని ఏమీ అడగకండి, అన్నం తింటున్నాడా, ఆదివారం రాత్రి నిద్రపోయాడా, అంతే చూడండి. హసన్‌పర్తి రోడ్డు మీద పొద్దున, సాయంత్రం ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో, బండి ఎవరు నడుపుతారో కూడా ఆ వారంలోనే తెలుస్తుంది. మార్చేదైతే తొమ్మిదిలోకే మార్చండి. పదో తరగతి మధ్యలో మాత్రం వద్దు.

ఇదే సంగతి మీద మంచిర్యాల నుంచి ఒక తండ్రి రెండు మాటల్లో అడిగారు. "మా పాప ఎనిమిదిలో ఉంది, డాక్టర్ కావాలంటుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ లాంటి దూరపు రెసిడెన్షియల్ స్కూల్‌లో వేయాలని ఉంది. ఏమంటారు?"

అన్నా, ఆ బడి మంచిదే, ఐసీఎస్ఈ సిలబస్, తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడుస్తుంది. కానీ పాప ఎంబీబీఎస్ అంటోంది కాబట్టి ఒకటి తెలుసుకోండి. మన రాష్ట్రంలో మెడికల్ సీట్లకు స్థానిక కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి, అంటే తొమ్మిది నుంచి. 2024లో వచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. తొమ్మిదిలో రాష్ట్రం దాటిస్తే ఆ కోటా చిక్కుల్లో పడుతుంది. ఇది పాపకు కూడా చెప్పండి, 13 ఏళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది, తర్వాత ముగ్గురూ కూర్చుని నిర్ణయించుకోండి.