చెన్నపట్నం నవల రాస్తున్న అమ్ములుకి

చెన్నై

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ దీవెనలు.

నీ నవల మొదటి రెండు అధ్యాయాలూ చదివాను. భర్త పోయాక ఒంగోలు వైపు నుంచి చెన్నపట్నం చేరి, తన కాళ్ల మీద నిలబడ్డ ఆడమనిషి కథ మన ఇంట్లో ఒకరు రాస్తున్నారంటే నాకెంత సంతోషమో! అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

‘తెల్లదొరల కాలంలో’ అని మొదలుపెట్టావు. అది చాలదమ్మా. ముందు సంవత్సరం తేల్చుకో. ఆమె ఎలా వచ్చింది, చేతిలో ఏముంది, ఎవరి గుమ్మం ఎక్కగలదు అన్నవన్నీ దాన్ని బట్టే ఉంటాయి. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి 1899లో కలిసింది. అంతకుముందు కథైతే బకింగ్‌హాం కాలువ మీద పడవలో తీసుకురా. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు వెంట మనుషులు తాడు పట్టి లాగేవారు.

ఇక ఆస్తి సంగతి. రెండో అధ్యాయంలో బావగారిని నిలదీసి భర్త వాటా రాబట్టుకుంది. చదవడానికి బాగానే ఉంది గానీ, 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చేదాకా ఉమ్మడి కుటుంబంలో విధవకు దక్కేది మనోవర్తే, అంటే తిండికీ బట్టకీ ఇచ్చే భత్యమే. ఆ చట్టం ఇచ్చిన వాటా కూడా ఆమె బతికినంత కాలం అనుభవించడానికే. ఆమె సొంతం అనదగ్గది స్త్రీధనం. కాబట్టి ఆ ఉపన్యాసం తీసెయ్. పుట్టింటివాళ్లు పెట్టిన కాసులపేరు నడుముకు మూటగా కట్టుకుని, పడవలో నిద్రలో కూడా దాన్ని తడుముకునే చెయ్యి చూపించు. పట్నం చేరాక ఆ కాసులపేరు అమ్మేస్తుందా, తాకట్టు పెడుతుందా? తాకట్టు పెట్టిందంటే విడిపించుకోగలనన్న ధైర్యం ఉన్నట్టే. ఆమె గట్టి మనిషని నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

కులం కూడా దాటవేశావు. గుండు, తెల్లచీర అందరికీ లేవు. చాలా కులాల్లో మారుమనువు మామూలు. బాలవితంతువైన సిస్టర్ సుబ్బలక్ష్మి 1911లో డిగ్రీ పుచ్చుకుని, మరుసటి ఏడు ఎగ్మూరులో చిన్నవయసు వితంతువులను చేరదీసి చదివించారు. ఎంత గొప్ప పనో! కానీ అక్కడ చేరినవాళ్లు బ్రాహ్మణ పిల్లలు. ఆడవాళ్లకు చదువూ ఆసరా ఇచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ 1937 నాటిది. నీ మనిషిది 1910 అయితే ఆ గుమ్మం ఇంకా లేదు.

మరి ఏం చేసి బతుకుతుంది? నన్నడిగితే పూటకూళ్లు పెట్టించు. ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది 1926లో. నీ మనిషి రోజుల్లో మనవాళ్ల పిల్లలు లా చదవాలన్నా, డాక్టరీ చదవాలన్నా మద్రాసే దిక్కు. పప్పూ పచ్చడీ కోసం మొహం వాచిపోయిన కుర్రాళ్లు! వాళ్లలో ఎవరు నెల మొదట్లోనే డబ్బు కడతారో, ఎవరు ‘మనియార్డరు రాలేదండీ’ అంటారో, ఎవరికి ఆమె ఊరుకుంటుందో, ఎవరికి విస్తరి వెయ్యడం మానేస్తుందో రాయి. నవలకు ప్రాణం అక్కడుంది, ఎన్ని పేజీలైనా తీసుకో.

ఎమ్డెన్ సంగతి రాయాలనుందన్నావు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఆ జర్మన్ ఓడ హార్బరు దగ్గర నూనె ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది, జనం హడలిపోయి పట్నం వదిలారు. ఓడ గురించి రెండు వాక్యాలు చాలు. మర్నాడు వంటకు ఎన్ని సోలల బియ్యం కడగాలో తేలక, ఆమె చేట పట్టుకుని నిలబడ్డ నిమిషం మాత్రం వదలకు.

అరవం రాదని ఆమెను మరీ బెంబేలెత్తించావు. జార్జిటౌనులో ఆ రోజుల్లో తెలుగుతో బాగానే నెట్టుకురావచ్చు. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు స్థలం మన కోమట్ల కన్యకాపరమేశ్వరి దేవస్థానానిదే. అక్కడ వంకాయలు బేరమాడుతూ నేర్చుకుంటుందిలే. అన్నట్టు, నూరు పైసల లెక్క 1957లో వచ్చింది. అప్పట్లో రూపాయికి 16 అణాలు. పావలా, బేడ, కానీ లాంటి నాణేల పేర్లే రాయి. ధరలు ఊహించొద్దు, పాత ఆంధ్రపత్రికలు తిరగెయ్.

వీలు చూసుకుని ఒక ఆదివారం రా. ఎండెక్కకముందే తంబుచెట్టి వీధీ, లింగిచెట్టి వీధీ నడుద్దాం. మిగిలిన పాత ఇళ్లు కొన్నైనా చూపిస్తాను. ఆమెకు ఏ వీధిలో ఇల్లు అద్దెకిప్పించాలో అక్కడే తేల్చుకుందువుగాని.

ఇట్లు,
నీ పెద్దమ్మ